లావు నవల, చిన్న సంచి, గండికోట దారి

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. నాకు పందొమ్మిదేళ్ళు, బీఎస్సీ రెండో సంవత్సరం. ఇంటర్ నుంచి ఫాంటసీ నవలలంటే ప్రాణం. డ్రాగన్లు, మాయా అడవులు, పుస్తకం మొదట్లో వేసే మ్యాపులు చూస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది. ఆ పాత్రల్లా నేనూ సంచి భుజాన వేసుకుని ఒంటరిగా ఎక్కడికైనా వెళ్ళాలని ఉంది. స్నేహితులు హిమాలయాల ట్రెక్ అంటున్నారు. ఇప్పటిదాకా నేను కాలేజీకి తప్ప ఒక్కదాన్నే బస్సెక్కింది లేదు. అమ్మానాన్నలు ‘ఆ అభూత కల్పనలు చదివే నీకీ పిచ్చి పట్టింది’ అంటారు. మొదటి ప్రయాణం ఎక్కడికి? ఏం సిద్ధం చేసుకోవాలి? ఇంట్లో ఎలా అడగాలి? నవల వెంట తీసుకెళ్ళొచ్చా? (పేరు రాయవద్దన్నారు.)

జవాబు: వెళ్ళండి. హిమాలయాల సంగతి తర్వాత చూద్దాం, ముందు గండికోట. మీ ఊరి నుంచి జమ్మలమడుగు ఇరవై కిలోమీటర్లు, అక్కడి నుంచి కోట ఇంకో పదిహేను. నవంబరు, ఫిబ్రవరి నెలల మధ్య ఒక శని, ఆదివారాలు చూసుకోండి. అయితే ఒక షరతు. మొదటిసారి పిన్ని కూతురో, క్లాసులో నమ్మకమైన స్నేహితురాలో ఒకరు తోడుండాలి. నెలా రెండు నెలల తర్వాత మళ్ళీ అదే చోటికి, అదే దారిన, అదే గదికి మీరొక్కరే వెళ్ళండి. చూసిన చోటికే మళ్ళీనా అని నిరుత్సాహపడకండి. తెలియని ఊరు, ఒంటరితనం, ఈ రెండూ మొదటి ప్రయాణంలోనే కలిసి మీద పడితే చిన్న ఇబ్బంది కూడా కొండంత కనిపిస్తుంది. బస్సు ఎక్కడ ఆగుతుందో, సాయంత్రం ఆటో దొరుకుతుందో లేదో, ఏ మూలన ఫోను పలకదో ముందే తెలిస్తే రెండోసారి మీ మనసంతా కోట మీద ఉంటుంది.

నవలల సంగతి. మీరు చదివే తరహా కథలకు పెద్దదిక్కయిన టోల్కిన్ 1911లో, సరిగ్గా మీ వయసులో, డజను మంది బృందంతో స్విట్జర్లాండ్ కొండల్లో మూటలు మోస్తూ నడిచాడు. రాత్రిళ్ళు గడ్డివాముల్లో, పశువుల కొట్టాల్లో పడుకున్నాడు. ఒకచోట ఎండకు మంచు కరిగి రాళ్ళు వదులై బృందం మీదికి దొర్లాయి, వాటిలో ఒకటి ఆయనకు వెంట్రుకవాసిలో తప్పింది. తన కథల్లోని మంచుకొండల ప్రయాణానికి ఆ నడకే మూలమని దశాబ్దాల తర్వాత ఆయనే ఉత్తరంలో రాసుకున్నాడు. ఈసారి మీ నవల తిరగేసేటప్పుడు డ్రాగన్ పేజీలు పక్కన పెట్టి, రొట్టె ఎన్ని రోజులకు సరిపోయింది, ఎవరి కాలికి పుండు పడింది, వానలో కంబళి ఎలా ఆరింది, ఇవి వెతకండి. మంచి ఫాంటసీ రచయితలు వీటిలో తప్పు చెయ్యరు.

ఇంట్లో వాళ్ళకు చెప్పాల్సింది ఇంకోటుంది: ఇలాంటి కథలు మనకూ కొత్తవి కావు. కాశీమజిలీ కథల్లో యతి వెంట నడిచే గోపుడు పశువులు కాసుకునే కుర్రవాడు. రోజుకో మజిలీలో ఏదో ఒక వింత చూసి దాని కథేమిటని అడుగుతాడు, అలా పన్నెండు భాగాలు సాగుతాయి. 1954 నుంచి చందమామలో వచ్చిన మాంత్రికుల, పాతాళ దుర్గాల సీరియళ్ళ కోసం నెలంతా ఎదురుచూసినవాళ్ళలో మీ తాతగారు కూడా ఉండే ఉంటారు. అడిగి చూడండి. మీ పక్షాన మాట్లాడే పెద్దమనిషి ఇంట్లోనే దొరకొచ్చు.

ఇక లెక్కలు. మజిలీ అంటే ఒక రోజు నడక ముగిసి ఆగే చోటు. మీ ప్రయాణాన్నీ మజిలీల్లో కొలవడం నేర్చుకోండి. 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: ఐదు కిలోమీటర్లకు ఒక గంట, ఆపైన ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరో గంట. పన్నెండు కిలోమీటర్ల దారి, మధ్యలో 300 మీటర్ల ఎక్కుడు అనుకోండి. దూరానికి రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు, ఎక్కుడికి అరగంట, మొత్తం దాదాపు మూడు గంటలు. ఇది ఆగకుండా నడిచే గట్టి మనిషి లెక్క. కొత్తవాళ్ళు సగం కలుపుకోవాలి, అంటే నాలుగున్నర గంటలు. డిసెంబరులో మన వైపు ఐదు ముప్పావుకే పొద్దు గుంకుతుంది కాబట్టి ఆ దారికి మధ్యాహ్నం పన్నెండు దాటాక బయల్దేరకూడదు. ఇదే సూత్రం పెట్టి మీ నవలలోని మ్యాపును కొలిచి చూడండి. ఒక్క రాత్రిలో వంద కిలోమీటర్ల కొండదారి నడిపించే రచయితలు దొరికిపోతారు.

కాళ్ళ దగ్గరికి వద్దాం. మొదటి ప్రయాణాలు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. బూట్లు సాయంత్రం పూట కొనండి. పొద్దంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది, నడకలో ఉండే కొలత అదే. నడకకు వేసుకునే సాక్సులతోనే తొడిగి చూడండి. లేసు కట్టకముందు పాదాన్ని ముందుకు తోస్తే మడమ వెనక చూపుడువేలు దూరాలి. ఆ సందు లేకపోతే దిగుడులో బొటనవేలు బూటు ముందు భాగానికి గుద్దుకుని గోరు నల్లబడుతుంది. కొత్త బూట్లు నేరుగా ప్రయాణానికి వేసుకోకండి, కనీసం ముప్పై నలభై కిలోమీటర్లు ఊళ్ళోనే నడిచి మెత్తబరచండి.

బొబ్బ ఎలా లేస్తుందో తెలిస్తే ఆపడం తేలిక. చెమటతో తడిసిన చర్మం మెత్తబడుతుంది. మడమ బూటులో పైకీ కిందికీ జారుతున్నప్పుడు పైచర్మం సాక్సుకు అతుక్కుని ఆగిపోతుంది, లోపలి పొర ఎముకతో పాటు కదులుతుంది. ఆ రెంటి మధ్య చీలిక వచ్చి నీరు చేరుతుంది. నూలు సాక్సులు తడి పట్టి ఉంచుతాయి కాబట్టి త్వరగా ఆరే నైలాన్ కలిసినవి మేలు, మధ్యాహ్నానికి మార్చుకోను ఇంకో జత సంచిలో ఉండాలి. మడమ దగ్గర చురుక్కుమన్న క్షణమే ఆగండి. బొబ్బ లేవడానికి ముందు చెప్పే కబురు అది. ఇంకో కిలోమీటరే కదా అని నడిచేస్తేనే చిక్కు. బూటు విప్పి, చర్మం పొడిగా తుడిచి, ఆసుపత్రుల్లో వాడే తెల్ల అంటుపట్టీని ముడత లేకుండా వేసి, అంచులు గుండ్రంగా కత్తిరించండి. మూలలుంటే సాక్సుకు తగిలి లేచిపోతాయి. ఆ పట్టీ రాత్రికి తడిపి నెమ్మదిగా తీయాలి, లాగితే చర్మం కూడా వస్తుంది. బొబ్బ లేచిపోతే మాత్రం నడవగలిగినంత కాలం చిదపకండి. లోపలి చర్మానికి ఆ నీటితోలే కవచం.

మడమ జారకుండా లేసులో చిన్న కిటుకుంది. బూటుకు చీలమండ దగ్గర అన్నిటికన్నా పైన ఒక అదనపు రంధ్రం కనిపిస్తుంది, చాలామంది దాన్ని వదిలేస్తారు. ఏ వైపు లేసును ఆ వైపు పై రంధ్రంలోకే దూర్చి చిన్న ఉచ్చులా వదలండి. కుడి లేసు ఎడమ ఉచ్చులోంచి, ఎడమది కుడి ఉచ్చులోంచి తీసి కిందికి లాగి ముడేయండి. మడమ వెనక్కి కూర్చుండిపోతుంది.

ఆరు వారాల ముందు నుంచి నడక మొదలెట్టండి. వారానికి నాలుగు రోజులు ఐదేసి కిలోమీటర్లు, ఆదివారం ఎనిమిదితో మొదలుపెట్టి పన్నెండు దాకా. నాలుగో వారం నుంచి ఆదివారపు నడకకు సంచి తగిలించండి. మీ కాలేజీ మేడమెట్లు ఖాళీగా ఉన్నప్పుడు పదిసార్లు ఎక్కి దిగండి. దిగేటప్పుడే మోకాళ్ళకు పని ఎక్కువ, ఎక్కడం ఒక్కటే సాధన చేసినవాళ్ళు రెండో రోజు మెట్లు పక్కవాటంగా దిగుతుంటారు.

సంచి బరువు మీ ఒంటి బరువులో పదో వంతు దాటకపోతే హాయి. యాభై కిలోల మనిషికి ఐదు కిలోలు. అందులో రెండు కిలోలు నీళ్ళకే పోతాయి. చల్లని వేళ నడకకు గంటకు అర లీటరు, ఎండెక్కాక దాదాపు లీటరు కావాలి. బరువైన వస్తువులు వీపుకు ఆనేలా నడిమధ్యలో, బట్టలు అడుగున, టార్చీ, ప్లాస్టరు, ఈల పైజేబులో. ఈల నవ్వులాటకు కాదు. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి మళ్ళీ ఆరుసార్లు ఊదితే ఆపదలో ఉన్నామని కొండల్లో తిరిగేవాళ్ళందరికీ తెలిసిన సంకేతం. గొంతు అరగంటలో బొంగురుపోతుంది, ఈలకు ఆ బాధ లేదు. తలకు కట్టుకునే టార్చీ అయితే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. పలచని తువ్వాలు, పెద్ద ప్లాస్టిక్ కాగితం ఒకటి, నాలుగు పిన్నీసులు, తేదీ దగ్గర్లో లేకపోయినా ఒక ప్యాకెట్ ప్యాడ్లు, వాడినవి చుట్టి తెచ్చుకోను కాగితపు కవర్లు. కోటలో మరుగుదొడ్డి కావలసిన చోట దొరుకుతుందనుకోవద్దు, గది నుంచి కదిలేముందే పని చూసుకోండి.

ఓఆర్ఎస్ పొట్లాలు రెండు పెట్టుకోండి. చాలామంది దాన్ని గ్లాసుడు నీళ్ళలో కలిపి తాగేస్తారు. 20.5 గ్రాముల పొట్లం పూర్తి లీటరు నీటికి. చిక్కగా కలిపితే ఉప్పు, చక్కెర ఎక్కువై ఒంట్లో నీటిని పేగుల్లోకి లాగుతాయి, విరేచనాలు పట్టుకోవచ్చు. మీ దగ్గరున్నది అర లీటరు సీసా అయితే పొట్లాన్ని కంటికొలతతో సగం చెయ్యకుండా రెండు సీసాలు కొనుక్కుని ఒక పెద్ద పాత్రలో కలపండి. పొట్లం లేకపోతే లీటరు నీళ్ళకు తలకొట్టిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచానే.

ఇక సద్దిమూట. మీ నవలల్లో వనదేవతలిచ్చే రొట్టె ఒక్క ముక్క తింటే రోజంతా నడవచ్చంటారు. మన సీమలో దానికి దగ్గరగా వచ్చేది పెనం మీద బాగా ఎండనిచ్చిన కరకర జొన్నరొట్టె. తడి లేదు కాబట్టి రెండు మూడు రోజులు చెక్కుచెదరదు. దానికి పప్పులపొడి, ఓ ఉల్లిగడ్డ. బొరుగులు, వేయించిన వేరుశనగలు, బెల్లం పాకం చెక్కలు సంచిలో చోటు తక్కువ తీసుకుని సత్తువ ఎక్కువిస్తాయి. మొదటి పూటకు పులిహోర బాగుంటుంది, చింతపండు పులుపు దాన్ని కాస్త కాపాడుతుంది. కానీ వేడివేడిగా డబ్బాలో పెట్టి మూతేస్తే ఆవిరి మూతకు పట్టి నీరై అన్నం మీదే కారుతుంది, మధ్యాహ్నానికే వాసనొస్తుంది. పళ్ళెంలో ఆరబోసి పూర్తిగా చల్లారాక సర్దండి. పెరుగన్నం మాత్రం వద్దు. అమ్మ ఎంత బతిమాలినా సరే.

శనివారం పొద్దున్నే బయల్దేరండి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం. ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకోవాలి, టికెట్ లేకుండా కూర్చోకండి. జమ్మలమడుగు నుంచి గండికోటకు బస్సులు గంటగంటకూ ఉండవు, తిరుగు బస్సు వేళ డ్రైవరునో కండక్టరునో అడిగి కాగితం మీద రాసుకోండి. ఆటో అయితే ఎక్కేముందే రానూపోనూ బేరం. కోట దగ్గర పర్యాటక శాఖవారి హరిత హోటల్ ఉంది. గది ముందే బుక్ చెయ్యాలి, శని ఆదివారాల్లో అప్పటికప్పుడు దొరకడం కష్టం. జనం తక్కువుండే మామూలు రోజుల్లో వెళ్తే ప్రశాంతమే కానీ, మొదటి రెండుసార్లు నలుగురూ తిరిగే రోజే మంచిది. ప్రైవేటు లాడ్జి అయితే ఆడపిల్ల ఒక్కతే వస్తే గదిస్తారా అని ముందే ఫోన్‌లో అడగండి. కొన్నిచోట్ల రాత్రి ఎనిమిదింటికి కౌంటరు దగ్గర నిలబెట్టి కాదంటారు.

కోటలోకి అడుగుపెట్టాక తొందరపడకండి. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటూ పోయిన లోయ ఒకవైపు, ఎర్రరాతి గోడలు మిగతా వైపులా. నదే కందకం. ఆ గండి వల్లే గండికోట. ఇక్కడ ఏలిన పెమ్మసాని నాయకుల చేతిలోంచి గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటను గుంజుకున్న కొద్దికాలానికే, 1652లో, టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి ఇక్కడికొచ్చాడు. ఇరుకైన కొండదారిని, ఒకపక్క అగాధాన్ని, దాని అడుగున పారే నదిని తన యాత్రా గ్రంథంలో వర్ణించాడు. అప్పుడు లోపల మీర్ జుమ్లా కోసం ఒక ఫ్రెంచివాడు ఫిరంగులు పోతపోస్తున్నాడు. మీ నవలల్లో ఇంతకన్నా మంచి ప్రారంభం ఎన్నింటికి ఉంది?

లోపల ఇప్పటికీ ఒక పల్లె ఉంది, ఇళ్ళ ముందు ఫోటోలు తీసేముందు అడగండి. చిన్న చార్‌మినార్, మాధవరాయ ఆలయం, జామియా మసీదు, పక్కనే ఎత్తైన ధాన్యాగారం, రంగనాథాలయం, కారాగారం. వీటన్నిటికీ పట్టుమని మూడు గంటలు చాలు. ఎండ ఎక్కువగా ఉండే పన్నెండు నుంచి మూడు దాకా గదిలోనో మసీదు నీడనో ఉండి, నాలుగింటికి లోయ అంచుకు వెళ్ళండి.

ఈ అంచు దగ్గరే జాగ్రత్త. లోయ పొడవునా కమ్మీలు లేవు. రాళ్ళు పేర్చిన ఇటుకల్లా ఉంటాయి, పలకల మధ్య మట్టి కొట్టుకుపోయి కొన్ని ఊగుతాయి. పైనుంచి చూస్తే ఏది ఊగుతుందో తెలియదు. నిలబడే ముందు ఒక కాలితో నొక్కి చూడండి, ‘టక్’ మన్నా కదిలినా వెనక్కి రండి. అంచుకు రెండు మీటర్ల ఇవతల కూర్చుంటే లోయ అంతే అందంగా కనిపిస్తుంది. ఫోన్ చూస్తూ వెనక్కి అడుగు వెయ్యడం, వాన పడిన మర్నాడు నాచు రాయి మీద నిలబడడం, నీటి దాకా దిగి ఈదాలనుకోవడం, ఈ మూడూ పూర్తిగా మానుకోండి. సూర్యాస్తమయం అయ్యాక ఫోటోల కోసం ఆగిపోతారు అందరూ, వెనక్కొచ్చే రాళ్ళదారి చీకట్లో మిగులుతుంది. సూర్యుడు కొండను తాకగానే లేవండి.

రెండో రోజు మీకు ప్రత్యేకంగా ఒక పని. మ్యాపులంటే ప్రాణమన్నారు కదా, ఒకటి గీయండి. ముందు కాలేజీ మైదానంలో వంద మీటర్లు కొలిచి మామూలుగా నడుస్తూ కుడికాలు నేలకు తాకినప్పుడల్లా లెక్కపెట్టండి. మూడుసార్లు నడిచి సగటు తీయండి. 66 వచ్చిందనుకుందాం. కోటలో చార్‌మినార్ దగ్గర నిలబడి, ఫోన్ దిక్సూచిని మీరు వెళ్ళబోయే గుర్తు వైపు తిప్పి డిగ్రీలు రాసుకోండి, తర్వాత అడుగులు లెక్కిస్తూ అక్కడికి నడవండి. 132 వస్తే రెండు వందల మీటర్లు. గ్రాఫ్ కాగితం మీద సెంటీమీటరుకు యాభై మీటర్ల లెక్కన నాలుగు సెంటీమీటర్ల గీత. కాగితం నిలువు గీత ఉత్తరం, కోణమానిని పెట్టి డిగ్రీలు కొలవండి. ఇలా గుర్తు నుంచి గుర్తుకు ఓ చుట్టు తిరిగి బయల్దేరిన చోటికే రావాలి.

అప్పుడు తమాషా కనిపిస్తుంది. కాలితో మీరు మొదటి చోటికే వచ్చారు, కాగితం మీద మాత్రం చివరి చుక్క మొదటి చుక్కను కలవదు. ఆ ఎడం మొత్తం నడిచిన దూరంలో ఇరవయ్యో వంతు లోపుంటే మంచి పనే. దాన్ని అన్ని గీతలకూ కొంచెం కొంచెం పంచి సర్దేయండి, సర్వేవాళ్ళు చేసేదీ అదే. ఎక్కువుంటే ఎక్కడో పొరపాటు పడ్డారు. ఎక్కుడులో అడుగు పొట్టిదవుతుంది, అక్కడ పదికి ఒకటి తగ్గించుకోవాలి. ఫోన్ కవరుకు అయస్కాంతం బిళ్ళ ఉన్నా, ఇనప తలుపు పక్కన నిలబడి చూసినా దిక్సూచి పక్కకు లాగుతుంది. కవరు తీసేసి, గాల్లో ఎనిమిది అంకె గీసినట్టు ఫోన్‌ను తిప్పి, ఇనుముకు నాలుగైదు మీటర్ల దూరంలో చూడండి.

మ్యాపు పక్కనే డైరీ రాయండి. ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ, అంటే ఒకరి మాట ఇంకొకరికి వాళ్ళ భాషలో చెప్పేవాడు. 1830 మే 18న దాదాపు వందమందితో కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. అహోబిలం, శ్రీశైలం అన్నీ ఆ దారిలోనే. ఏ మజిలీ ఎంత దూరం, దారి ఎలాంటిది, నీళ్ళున్నాయా, ఏ వస్తువులు దొరుకుతాయి అని ఊరూరికీ రాశాడు కాబట్టే ఆ పుస్తకం ఈరోజుకీ బతికుంది. మీరూ ‘చాలా అందంగా ఉంది’ అని రాయకండి. ధాన్యాగారం లోపల మాట్లాడితే గొంతు ఎలా తిరిగొచ్చిందో రాయండి. రేపు మీరే నవల రాస్తే పనికొచ్చేది ఆ ముక్క.

ఇంట్లో అడగడం గురించి. ‘నన్ను నమ్మరా?’ అని మొదలుపెడితే గొడవతో ముగుస్తుంది. ఒక తెల్లకాగితం మీద ఇవన్నీ రాసి నాన్నగారి చేతికివ్వండి: వెళ్ళే బస్సు, వచ్చే బస్సు, హోటల్ పేరు, నంబరు, తోడొచ్చేవాళ్ళ నంబరు, వాళ్ళ ఇంటి నంబరు, మీరు ఫోన్ చేసే వేళలు. పొద్దున పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి తొమ్మిది అనుకోండి. అన్నిటికన్నా ముఖ్యమైన వరుస ఇది: ‘ఫోన్ రాకపోతే ఒక గంట ఆగండి, సిగ్నల్ లేకపోవచ్చు. తర్వాత హోటల్‌కు, ఆ తర్వాత స్నేహితురాలికి, అప్పటికీ తెలియకపోతే 112కు చెయ్యండి.’ ఏం చెయ్యాలో తెలియకపోవడం వల్లే పెద్దవాళ్ళు హడలిపోతారు. కాగితం చేతిలో ఉంటే చాలావరకు గంట ఆగుతారు. మీరు కూడా సిగ్నల్ ఉన్న చోట నిలబడే వేళ పెట్టుకోండి, లోయ అంచున ఆరింటికి అని మాటిచ్చి చిక్కుల్లో పడకండి.

సిగ్నల్ సరిగా లేనిచోట ఫోన్ టవరు కోసం వెతుకుతూ బ్యాటరీ తాగేస్తుంది. నడిచేటప్పుడు ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, ఆ ప్రాంతం మ్యాపు ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు మామూలు ఫోన్‌ను రెండుసార్ల లోపే నింపుతుంది, అట్ట మీది అంకెను చూసి ఎక్కువ ఆశ పెట్టుకోకండి. నగదు రెండు చోట్ల దాచండి. ఒక వాటా అవసరమైతే ఇంటిదాకా ఆటోలో వచ్చేయడానికి సరిపోవాలి, అది వంద, యాభై నోట్లలో ఉండాలి.

ఎవరైనా వెంటపడినా, ఎక్కువ ప్రశ్నలేసినా మర్యాదకు పోయి ఏ గదిలో ఉన్నారో చెప్పకండి. ‘మా అన్నయ్య వస్తున్నాడు’ అనే అబద్ధానికి పాపం లేదు. కుటుంబంతో వచ్చినవాళ్ళ పక్కకు జరగండి. 112 పోలీసు, అంబులెన్సు, అగ్నిమాపకం అన్నిటికీ పనిచేస్తుంది. రాళ్ళ సందుల్లో చెయ్యి పెట్టకండి, రాయి దాటేటప్పుడు ముందు దాని మీద కాలు పెట్టి అవతల చూసి దిగండి. పాము కరిస్తే గుడ్డతో బిగించి కట్టడం, కొయ్యడం, నోటితో పీల్చడం ఏదీ వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్ర ఆసరాతో ఉంచి, కరిచిన వేళ గుర్తుపెట్టుకుని 108కి చేసి నేరుగా ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాలి.

ఒక తప్పు మాత్రం ముందే హెచ్చరిస్తాం. గండికోట, బెలుం గుహలు, యాగంటి, అహోబిలం రెండు రోజుల్లో చుట్టేద్దామని ఎవరో ఒకరు అంటారు. అలా వెళ్ళినవాళ్ళకు గుర్తుండేది బస్టాండ్లే. బెలుం ఇంకో నెలకు పెట్టుకోండి, ఒక రోజు చాలు. మూడు వేల రెండు వందల మీటర్ల పైచిలుకు గుహల్లో కిలోమీటరున్నర దాకా సందర్శకులకు తెరిచారు, దీపాలున్నాయి. లోపల ఉక్క ఎక్కువ కాబట్టి పలచని నూలు బట్టలు వేసుకోండి, ఆయాసం ఉన్నవాళ్ళు డాక్టర్ని అడిగి వెళ్ళాలి. అహోబిలం ఉగ్రస్తంభం ఎక్కుడు నిటారుగా ఉంటుంది, చుట్టూ నల్లమల, ఎలుగుబంట్లు తిరిగే అడవి. బృందంతో, దారి తెలిసిన స్థానికుణ్ణి వెంటబెట్టుకుని మాత్రమే.

గండికోట, బెలుం, అహోబిలం మూడూ అయ్యాక హిమాలయాల మాట ఎత్తండి. యూత్ హాస్టల్స్ అసోసియేషన్ వాళ్ళ ట్రెక్కులు కొత్తవాళ్ళకు అనుకూలం. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు ఐదు వందల మీటర్లకు మించి పెరగకూడదు, అంతకన్నా వేగంగా తీసుకెళ్తామనే ప్యాకేజీలకు దండం పెట్టండి. బండలెక్కడం మీద మోజుంటే భువనగిరి ఉంది. 2014 మే 25న పదమూడేళ్ళ పదకొండు నెలల వయసులో ఎవరెస్టు ఎక్కిన మలావత్ పూర్ణ శిక్షణ మొదలైంది ఆ ఏకశిల మీదే.

చివరి ప్రశ్న, నవల. ఏడెనిమిది వందల పేజీల పుస్తకాన్ని వంటింటి త్రాసులో పెట్టి చూడండి, దాదాపు ముప్పావు కిలో తూగుతుంది. అది ముప్పావు లీటరు నీళ్ళతో సమానం. ఫోన్‌లో చదువుదామంటే ఇంటికి మాటిచ్చిన రాత్రి తొమ్మిది గంటల ఫోనుకు బ్యాటరీ ఉండదు. పలచని కథల పుస్తకమేదైనా ఒకటి తీసుకెళ్ళండి. లావుది సగంలో ఆపి, గుర్తుకు కాగితం పెట్టి ఇంట్లోనే వదిలి రండి, ఆదివారం రాత్రి కాళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకుని చదువుకోవచ్చు.